చెవి చెప్పు సాక్ష్యము

వ్యాజ్యెములో లాభము గలవాడు చెప్పు సాక్ష్యమును న్యాయాధిపతి యూరక నమ్మడు. "ఈ పొలము నాది" యని వాది యన్నంత మాత్రమున నాతనికి పొలము వ్రాసి యీయడు. పత్రములు చూచును, పొరుగువారిని పిలిపించును. ఈ జాగ్రత్త లోకవ్యవహారమున మనకందఱకును సమ్మతమే. కాని మన చెవి, మన కన్ను, మన నాలుక మన యెదుట నిలిచి సాక్ష్యము పలుకునపుడు మాత్ర మీ జాగ్రత్తను విడిచివేయుదుము. ఆ చెవి మన ధనము వెచ్చించి కొన్న వస్తువును గూర్చియే పలుకుచున్నదనియు, ఆ వస్తువు బాగుండవలెనని దానికి ముందే కోరిక గలదనియు మనకు తోచదు.

ఈ సంగతిని మేమొక చిన్న వస్తువును పట్టుకొని విచారింప దలచితిమి. ఆ వస్తువు వాల్వు. ఆంప్లిఫైయరులోని వాల్వును తీసి, అంతకంటె మేలైనదని పేరుపడిన వాల్వును పెట్టినచో ధ్వని నిజముగా మేలగునా యన్నది ప్రశ్న. ఇది సంగీతయంత్రములు గలవారి ముచ్చట గదా, ఇందు ధర్మవిచారమునకు తావెక్కడిదని చదువరులు శంకింపవచ్చును. మాకును మొదట నట్లే తోచినది. మా మాట వలన నొక పేదవాడు నష్టపడిన పిదప గాని యిందలి ధర్మము మాకు కానరాలేదు.

వాల్వనగా గాలి తీసివేసిన గాజుగొట్టము. తాతలనాటి రేడియో పెట్టె వెనుక చెక్క తీసి చూచినవారు లోపల సన్నని యెఱ్ఱని వెలుగుతో కూర్చున్న గాజుబుడ్ల నెఱుగుదురు. 1904లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు భాగములు గల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడవ భాగమును చేర్చెను. ఆ మూడవదానికి గ్రిడ్డని పేరు. వేడెక్కిన కాథోడు నుండి వెలువడిన ఎలక్ట్రానులు ప్లేటు వైపు పోవుచుండగా, నడుమనున్న గ్రిడ్డు మీది స్వల్పమైన వోల్టేజి యా ప్రవాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. తూము పలకను ఒక్క చేతితో నెత్తి దించినచో కాలువ నీరంతయు పెరిగి తగ్గునట్లు, చిన్న సంకేతము పెద్ద ప్రవాహమును నడపును. ఇదియే ధ్వనివిస్తారమునకు మూలము.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. బెంగుళూరిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ నారంభించెను గాని, రానురాను వాని పని యంతయు ట్రాన్సిస్టరుల పాలైనది. ఐనను రెండు తావుల వాల్వు నిలిచియే యున్నది. విద్యుత్ గిటారు వాయించువారి ఆంప్లిఫైయరులు మొదటి తావు. ఇంట శ్రద్ధగా సంగీతము వినువారి ప్రీ ఆంప్లిఫైయరులు రెండవ తావు. ఈ రెంటను మిక్కిలి కానవచ్చు వాల్వు 12 ఏఎక్స్ 7. ఐరోపావారు దీనినే ఈసీసీ 83 అందురు.

వాల్వు సాకెట్టులో గ్రుచ్చబడి యుండును. దానిని చేతితో తీసి మఱియొకటి పెట్టవచ్చును. ఈ సౌలభ్యమే యాశకు మూలము. ఆంప్లిఫైయరు మార్చుటకు శక్తి లేనివాడు వాల్వు నైనను మార్తునని తలచును. నేడు క్రొత్త వాల్వులు ముఖ్యముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశములలో తయారగుచున్నవి. వీనికంటె ఇంగ్లండున మల్లార్డువారును, జర్మనీలో టెలిఫంకెన్‌వారును పూర్వము చేసిన వాల్వులు శ్రేష్ఠములని ప్రసిద్ధి. వాడక మిగిలిపోయిన యా పాత నిల్వల కొఱకు జనులు క్రొత్తవాని వెలకు నాలుగైదు రెట్లిత్తురు. వాని ధ్వని వెచ్చనిదనియు, మెత్తనిదనియు, తేనెవంటిదనియు చెప్పుకొందురు.

మా యింట నొక వాల్వు ప్రీ ఆంప్లిఫైయరు కలదు. కొన్ని యేండ్ల క్రిందట మేమును ఈ కీర్తిని విని, పాత ఇంగ్లీషు వాల్వుల జత నొకదానిని తెప్పించితిమి. పెట్టిన రాత్రియే మాకు వీణ తంత్రులు వేఱు వేఱుగా వినవచ్చినవి. గాయకుని యూపిరి వినవచ్చినది. మా గృహిణిని పిలిచి వినుమంటిమి. ఆమె విని, "బాగానే ఉంది, నిన్న కూడా బాగానే ఉంది" అని వంటయింటికి పోయెను. ఆమెకు చెవి లేదని మేమనుకొంటిమి.

మా పూర్వశిష్యు డొకడు పగలు ఫ్లెక్సీలు ముద్రించు దుకాణమున పనిచేయుచు, ఆదివారము చర్చిలోను, ముహూర్తముల రోజులలో పెండ్లి ఆర్కెస్ట్రాలోను గిటారు వాయించును. ఇతరులు వాడి విడిచిన వాల్వు ఆంప్లిఫైయరు నొకదానిని కష్టపడి కొనెను. కొన్నాళ్లకు దానిలో గరగర ధ్వని పుట్టినది. ఆతడు మా యొద్దకు వచ్చి యుపాయ మడిగెను. మేము లేశమైన సంకోచము లేక, "ఇపుడున్న వాల్వు తీసివేసి పాత ఇంగ్లీషు వాల్వు పెట్టుము, గరగర పోవుటయే గాక నీ గిటారు స్వరమే మాఱిపోవును" అని చెప్పితిమి. ఆతడు 9,000 రూపాయలు పెట్టి తెప్పించెను. అది యాతని నెల సంపాదనలో దాదాపు సగము. పెట్టగనే గరగర పోయినది. "స్వరమెట్లున్నది?" అని మేమడిగితిమి. "చాలా బాగుందండి మాస్టారూ" అనెను. మేము సంతోషించితిమి; మా విద్వత్తును గూర్చి మఱింత సంతోషించితిమి.

రెండు నెలలకు గరగర మరల వచ్చినది. ఆతడు మాకు చెప్పుటకు జంకి, తానే మొదటి వాల్వును తీసి పెట్టి చూచెను. గరగర పోయినది. పిమ్మట నొకనాడు బజారులో కనబడినపుడు మేము బలవంతముగా నడుగగా నిట్లనెను: "ఆ పాతదే మళ్ళీ పెట్టానండి. గరగర పోయింది. స్వరానికైతే రెంటికీ తేడా నాకు మొదటినుంచీ తెలియలేదండి. మీరు చెప్పారు కదా అని బాగుందన్నాను."

ఈ మాట మమ్ము కొట్టినట్లు మఱియేదియు కొట్టలేదు. జరిగినదేమనగా, సాకెట్టులో మురికి పట్టియున్నది. ఏ వాల్వునైనను తీసి పెట్టునపుడు దాని కాళ్లు సాకెట్టును రాచి మురికిని కొంత తొలగించును. కొన్నాళ్లకు మరల పట్టును. క్రొత్త వాల్వు చేసిన మే లేమియు లేదు. తార్కికులు కారణమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములను చెప్పుదురు: అది యున్నచో నిది యుండవలెను, అది లేనిచో నిది యుండరాదు. మేము అన్వయమును మాత్రము చూచి సంతసించితిమి. వ్యతిరేకమును ఆ పిల్లవాడు తన సొమ్ము పోయిన పిదప తానే కనుగొనెను. సంస్కృతమున తర్కము చదివినది మేము, ప్రయోగించినది యాతడు.

అప్పుడు మేము మా యింటి వాల్వులను గూర్చియు నిజము తెలిసికొనదలచితిమి. మా పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు మిత్రుని వేడుకొంటిమి. ఆయన ముందుగా రెండు జతలతోను స్పీకరు కొనల వద్ద మీటరు పెట్టి ధ్వని యొకే మట్టమున నుండునట్లు సరిచేసెను. పిదప యంత్రమునకు తెర గట్టి, నాణె మెగురవైచి, పడిన దానిని బట్టి యొక జతను పెట్టుచు వచ్చెను. ఏ జత పెట్టెనో మాకు చెప్పలేదు. సాయంకాలమునకు నాలుగుసార్లు చొప్పున ఐదు దినములు విని, ఇరువదిసార్లు మా తీర్పును కాగితముపై వ్రాసితిమి. అందు సరియైనవి 11. కన్నులు మూసికొని నాణెమునే యడిగినను పది వచ్చును. మా గృహిణికి చెవి లేదనుకొన్న మాటను మేమారోజు వెనుకకు తీసికొంటిమి.

దీనిని బట్టి వాల్వు మార్చుట యెల్లప్పుడును వ్యర్థమని చెప్పరాదు. అదియు నొక మూఢవిశ్వాసమే యగును. ఇందు మూడు తెఱగులున్నవి. మొదటిది, వాల్వు జీర్ణించుట. వాడుకచేత కాథోడు బలము తగ్గును. లోని భాగములు వదులై, గాజుపై పెన్సిలుతో మెల్లగా తట్టినచో స్పీకరులో గంటవలె మ్రోగును. లోనికి గాలి దూఱినచో గాజు లోపలి వెండివంటి పూత తెల్లబడును. అట్టి వాల్వును మార్చినచో ధ్వని నిస్సందేహముగా బాగగును. కాని యది మరమ్మతు. ఆరోగ్యమైన చవుక వాల్వు పెట్టినను అంత మేలే కలుగును.

రెండవది, వేఱు జాతి వాల్వు పెట్టుట. 12 ఏఎక్స్ 7 యొక్క విస్తారశక్తి సుమారు 100. 5751 అను దానిది 70. 12 ఏటీ 7 ది 60. 12 ఏయూ 7 ది 20కి లోపు. సర్క్యూటు అంగీకరించు చోట నొకదానికి మాఱుగా నింకొకటి పెట్టినచో గిటారు ఆంప్లిఫైయరు ముందుగానో ఆలస్యముగానో కఱకెక్కును. ఈ భేదము ఎవరికైనను వినవచ్చును. అమెరికాలో ఫెండరువారి బాస్‌మన్ ఆంప్లిఫైయరు 1950ల చివరి నమూనాలో మొదటి వాల్వు 12 ఏవై 7. దాని విస్తారశక్తి సుమారు 45. 1960ల మొదట లండనులో జిమ్ మార్షల్ అంగడివారు ఆ సర్క్యూటునే యనుసరించి తమ ఆంప్లిఫైయరును చేసినపుడు ఆ స్థానమున ఈసీసీ 83 పెట్టిరి. స్పీకరులును పెట్టెయు గూడ వేఱైనవి. రెండు స్వరములు పుట్టినవి. రెంటికిని భక్తులు కలరు. ఇందు మార్పు గలదు. ఏది మేలన్నది వాయించువాని యభిరుచి.

మూడవది, ఒకే జాతికి చెందిన, ఆరోగ్యముగా నున్న రెండు వాల్వులలో నొక కర్మాగారపు దానిని తీసి మఱియొక కర్మాగారపు దానిని పెట్టుట. వివాదమంతయు నిచ్చటనే. వాల్వుకు వాల్వుకు కొంత భేదముండుట నిజము. ఒకే పెట్టెలోని రెండు క్రొత్త వాల్వులకును ఉండును. గిటారు ఆంప్లిఫైయరును కఱకెక్కువఱకు హెచ్చించి వాయించునపుడు ఆ భేదము కొంత వినబడవచ్చును. కాని సంగీతమును వినిపించు ప్రీ ఆంప్లిఫైయరులలో ననేకము నెగెటివ్ ఫీడ్‌బ్యాకు పద్ధతిపై నిర్మింపబడినవి. 1927లో బెల్ ప్రయోగశాలలో హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన యీ పద్ధతిలో, వెలువడిన సంకేతమున కొంత భాగమును వెనుకకు త్రిప్పి లోపములను సరిదిద్దుదురు. వాల్వు గుణము కొంత మాఱినను ఫలము మాఱకుండుటయే దీని ప్రయోజనములలో నొకటి. ఏ భేదమును అణచుటకు ఇంజనీరు శ్రమపడెనో, ఆ భేదము కొఱకే మనము ధనము వెచ్చించుచున్నాము!

మఱి యంతమంది వినికిడి యంతయు నబద్ధమా? అబద్ధము కాదు, భ్రమ. అబద్ధమాడువానికి నిజము తెలియును, భ్రమపడినవానికి తెలియదు. చెవి మోసపోవుటకు కారణములు పలు గలవు. ధ్వని యించుక హెచ్చినచో చెవి దానిని హెచ్చని గుర్తింపక, స్పష్టమనియు నిండైనదనియు చెప్పును. క్రొత్త వాల్వు శక్తి నూటికి పదిపాళ్లు హెచ్చైనను ఇది జరుగును. వాల్వు చల్లాఱువఱకు ఆగి, మార్చి, మరల వేడెక్కువఱకు వేచియుండునప్పటికి మొదటి ధ్వని స్మృతి చెదరిపోవును. క్రొత్తది పెట్టినపుడు మన మంతకుముందెన్నడు లేనంత శ్రద్ధతో విందుము. గాయకుని యూపిరి నిన్నను ఉన్నది, నిన్న మనము వినలేదు. పైగా వెల తెలియును. మనుష్యబుద్ధి తన కనుకూలించిన వానిని లెక్కించి, ప్రతికూలించిన వానిని మఱచునని 1620లోనే ఫ్రాన్సిస్ బేకన్ తన గ్రంథమున హెచ్చరించెను.

వాయిద్యనిపుణుల చెవులును దీనికి లోనగును. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిసు నగరమున క్లాడియా ఫ్రిట్జ్ అను శాస్త్రజ్ఞురాలును, జోసెఫ్ కర్టిన్ అను వయొలిను నిర్మాతయు గూడి యొక పరీక్ష చేసిరి. మూడు క్రొత్త వయొలినులు, మూడు పాతవి. పాతవానిలో రెండు స్ట్రాడివేరి చేసినవి. 21 మంది వాద్యకులకు చీకటి కండ్లద్దములు పెట్టి వాయింపజేసిరి. ఎక్కువ మంది మెచ్చినది క్రొత్తదానిని. అందఱికంటె తక్కువగా మెచ్చుకొనబడినది స్ట్రాడివేరి వయొలిను. వారు చెవి లేనివారు కారు. కన్ను మూయగానే చెవి స్వతంత్రమైనది, అంతే.

ఇక్కడ నొక యాక్షేపణ కలదు. "నా ధనము, నా చెవి, నా యానందము, భ్రమయైనను నాకు సుఖమే గదా, నీకేల?" అని యొకడనును. ఇది త్రోసివేయదగిన మాట కాదు. పాత వాల్వును అందము కొఱకును, చరిత్ర కొఱకును కొనుటలో దోషము లేదు. ఏనాడో ఇంగ్లండులోని కర్మాగారమున నొకరి చేతులలో రూపొందిన వస్తువు మా యింట నింకను వెలుగుచున్నదను సంతోషము నిజమైన సంతోషమే. అట్లు సంతోషించువాడు "నాకిది యిష్టము" అనవలెను. "ఇది మేలు" అనినచో నా మాట యాతని యిల్లు దాటి యితరుల సంచిని ముట్టును. ఇష్టమును చెప్పుటకు పరీక్ష యక్కఱలేదు; మేలని చెప్పుటకు పరీక్ష కావలెను.

మఱియొక యాక్షేపణ: "యంత్రములతో కొలుచుట కంటె చెవియే తుది ప్రమాణము గదా?" అని. మేమును ఒప్పుకొందుము. అందుచేతనే చెవిని ఒంటరిగా మాటాడనిండు అనుచున్నాము. తెర గట్టుట చెవికి అవమానము కాదు. కన్నును, వెలను, పేరును దూరముగా కూర్చుండబెట్టి, చెవికి నిర్భయముగా సాక్ష్యము చెప్పు నవకాశమిచ్చుట.

మన శాస్త్రములలో ఆప్తుని మాట ప్రమాణమందురు. ఆప్తుడనగా మనకు కావలసినవాడు మాత్రమే కాదు. విషయమును ఉన్నదున్నట్లు తెలిసికొని, తెలిసినది తెలిసినట్లు చెప్పువాడు. రెండవ గుణము మాకు కలదని మేము గర్వించితిమి. మొదటిది లేక రెండవది యెంత యున్నను ఫలమేమి? సత్యము పలుకుట ధర్మమని పిల్లలకు నేర్పుచున్నాము. పలుకుటకు ముందు పరీక్షించుట యా ధర్మములో భాగమని నేర్పుట లేదు. తెలియని దానిని నిశ్చయముగా చెప్పినవాడు నిజాయితీ గలవాడైనను సత్యవాది కాడు.

గురువు స్థానమున నున్నవానికి ఈ బాధ్యత యింకను హెచ్చు. మేము అడుగుటకు ముందే ఆ పిల్లవాని ప్రత్యుత్తరము మా ముఖమున వ్రాసియున్నది. ఆతడు తన చెవిని కాదని మా మాటను నిలిపెను. మా భ్రమ కంటె దీనినే మేము పెద్ద నేరముగా నెంచుచున్నాము. తరగతిలో ప్రశ్నింపుడని చెప్పుచు, ప్రశ్నించుటకు శిష్యుడు జంకునట్లు పెంచితిమి. తండ్రి, అత్తగారు, పై యధికారి, వైద్యుడు, పురోహితుడు - ఎవరి మాటకు ఎదుటివాడు ఔననుట వాడుకయో వారందఱును తమకు లభించు నంగీకారమును సాక్ష్యముగా లెక్కింపరాదు.

కావున వాల్వులు గల మా చదువరులకు మా మనవి యిది. ధ్వని చెడినదని తోచినపుడు మొదట సాకెట్టును శుభ్రము చేయింపుడు. ఆపివేసిన పిదపను లోపలి కెపాసిటరులలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి యుండగలదు గనుక పెట్టె విప్పు పని తెలిసినవారికే యొప్పగింపుడు. వాల్వును అనుమానించినచో, నిక్కముగా మంచిదని తెలిసిన చవుకదానిని పెట్టి చూడుడు. వెలగల దానిని కొనదలచినచో ధ్వనిమట్టము సరిచేసి, మఱియొకరిచేత మార్పించి, కాగితముపై వ్రాసి వినుడు. ఇతరులకు సలహా యిచ్చునపుడు పరీక్షించితిమో లేదో కూడ చెప్పుడు.

మేము 9,000 రూపాయలు తీసికొని శిష్యుని యింటికి పోయితిమి. ఆతడు మొదట చేతులు వెనుకకు తీసికొని, "వద్దు మాస్టారూ, మీరు నా మంచికే చెప్పారు" అనెను. ఇది దానము కాదనియు, అప్పనియు చెప్పి, వాల్వును మేము పుచ్చుకొని సొమ్మిచ్చితిమి. ఆతడు సాకెట్టులు శుభ్రము చేయించెను. గరగర మరల రాలేదు.

పిమ్మట నొక యాదివారము మా యింటికి పిలిచి, సంగీతము పెట్టి, నీకు వినబడినది చెప్పుము, మా ముఖము చూడకుమంటిమి. ఆతడు చాలసేపు ఊరకుండి, "స్పీకర్లు మూలల్లో గోడకు ఆనించి ఉన్నాయండి. మృదంగం అంతా గుమ్మంటోంది" అనెను. ఇద్దఱము కలిసి వానిని గోడకు రెండడుగులు ముందుకు జరిపితిమి. వంటయింటి నుండి మా గృహిణి వచ్చి, ఏమి మార్చితిరని యడిగెను.